గోడ మీద బొమ్మ, గోడ కింద మనిషి

హైదరాబాదులో ఖైరతాబాద్ దగ్గర, హుస్సేన్‌సాగర్‌కు కూతవేటు దూరంలో ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ చిత్రకారుల్ని పిలిచి ఇక్కడి ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించింది. అప్పటి నుంచి మక్తాకు ‘ఆర్ట్ డిస్ట్రిక్ట్’ అనే పేరు కూడా వచ్చి చేరింది. మన నగరంలో వీధి కళ గురించి ఎవరు మాట్లాడినా ముందు మక్తా పేరే చెప్తారు.

కిందటేడు ఒక వ్యాసం కోసం నేను కూడా అక్కడికి వెళ్ళాను. ఎండకీ వానకీ కొన్ని బొమ్మలు వెలిసిపోయాయి. ఒక గోడ మీద మాత్రం నిండు రంగుల చీరలో ఒక ఆడమనిషి ఇంకా నిక్షేపంగా ఉంది. ఆమెను ఫోటో తీసుకుని, కాసేపు చూద్దామని ఎదురుగా రోడ్డు పక్కన నిలబడ్డాను. పది నిమిషాలు కూడా కాలేదు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ‘‘ఎవరు కావాలె మేడం?’’ అన్నారు. బండి మీద పోతున్నతను ఆగి ‘‘ఏ ఛానెల్?’’ అనడిగాడు. ఇంకో పెద్దాయన ఏమీ అడగలేదు కానీ, నేను కదిలేదాకా కదల్లేదు. ఎవరూ మర్యాద తప్పి మాట్లాడలేదు. అయినా ప్రతి ఒక్కరికీ నేనొక కారణం చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఎదురింటి ముసలామె ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి తన గడప ముందు వేసింది. ‘‘కూసో బిడ్డా. నిలవడితె అడుగుతనే ఉంటరు. ఈడ కూసుంటె నా చుట్టమనుకుంటరు’’ అంది.

నిజంగానే, ఆ కుర్చీలో కూర్చున్నాక నన్నెవరూ అడగలేదు. నేను ఒక ఇంటికి చెందిన మనిషినైపోయాను. గోడ మీది ఆమె మాత్రం ఎన్నేళ్ళుగానో అలాగే నిలబడి ఉంది. ఎవరి కోసం నిలబడ్డావని ఆమెనెవరూ అడగరు. వీధిలో ఆడవాళ్ళ బొమ్మకు చోటుంది, బొమ్మను చూసే ఆడమనిషికి లేదు. ఈ తేడా నాకు ఆ రోజు కొత్తగా తెలిసిందని చెప్పను. కానీ అది నా పరిశోధనను ఇంత నేరుగా తాకుతుందని మాత్రం అంతకు ముందు అనుకోలేదు.

నా పిహెచ్.డి. తెలుగు వీధి నాటకం మీద, ప్రజా కళారూపాల మీద. నాలుగు వందల పేజీలకు పైగా రాశాను. అందులో ‘స్త్రీల భాగస్వామ్యం’ అనే ఉపశీర్షిక కింద ఒకటిన్నర పేజీ ఉంది. ఆధారాలు అంతకంటే దొరకలేదని అప్పట్లో నమ్మాను. కరపత్రాల మీద స్త్రీల పేర్లు లేవు. ఉన్నచోట ‘తదితరులు’ అని ఉంది. పాటల పుస్తకాల్లో రాసినవాళ్ళ పేర్లున్నాయి, పాడినవాళ్ళ పేర్లు లేవు. కాగితం మీద లేనిదాన్ని నేనెలా రాస్తాను అనుకున్నాను. మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, 1983లో హైదరాబాద్ వీధుల్లో నాటకాలాడిందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ నాలుగు వందల పేజీల్లో ఎక్కడా ఆమెను పెట్టలేదు. అది ఇంటి విషయం, పరిశోధన కాదు అనుకున్నాను. నా వైపు నుంచి జరిగిన ఈ తప్పును ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు మన భాషనే చూద్దాం. మగవాడు ‘వీధిన పడ్డాడు’ అంటే ఆస్తి పోయిందని అర్థం. ఆడమనిషి ‘బజారున పడింది’ అంటే పరువు పోయిందని అర్థం. ‘బజారుది’ అనే తిట్టు ఆడవాళ్ళకే ఉంది, మగవాళ్ళకు అలాంటిది లేదు. ‘రచ్చ’ అంటే అసలు అర్థం ఊళ్ళో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు. మగవాడు రచ్చబండ మీద కూర్చుంటే పెద్దమనిషి. ఆడమనిషి ‘రచ్చకెక్కింది’ అంటే మాత్రం మర్యాద తప్పినట్టు. ఇంట గెలిచి రచ్చ గెలవమని సామెత కూడా ఉంది. ఇంట గెలవడమంటే ఏమిటో, దానికి ఎన్నేళ్ళు పడుతుందో స్త్రీల విషయంలో ఎవరూ చెప్పలేదు. వీధిలో పాడిన, ఆడిన ప్రతి స్త్రీ ఈ మాటలన్నిటినీ దాటుకునే వెళ్ళింది.

అయితే ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. ‘వీధి ఆడవాళ్ళది కాదు’ అని మనం తేలిగ్గా అనేస్తాం. ఏ ఆడవాళ్ళది కాదు? హైదరాబాద్ రోడ్లను తెల్లవారకముందే ఊడ్చేది ఎక్కువగా దళిత స్త్రీలే. కూరగాయల తట్ట ఎత్తుకున్నవాళ్ళు, ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసేవాళ్ళు రోజంతా వీధిలోనే ఉంటారు. జోగినిని ఊరి వీధుల్లో ఆడించింది ఆచారమే. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఆ స్త్రీలకు వీధి నిషిద్ధం కాదు, తప్పనిసరి. పని కోసమో, ఇతరుల వినోదం కోసమో అయితే వాళ్ళు అక్కడ ఉండొచ్చు. తమ కోసం తాము ఉంటామంటేనే అభ్యంతరం. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక స్త్రీవాదులుగా మనం ఇలాంటి మాటలు అనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ జాగ్రత్త వీధి కళ చరిత్రకు కూడా అవసరం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన రంగస్థలం మీద స్త్రీ పాత్రలు ఎక్కువగా పురుషులే వేసేవారు. స్థానం నరసింహారావు గొప్పతనం గురించి మా తాతగారి తరం కథలు కథలుగా చెప్పుకునేది. సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళు ఆడవేషాలు వేశారు కానీ, అది కుటుంబమంతా కలిసి నడిపిన నాటకం. మరోవైపు సంస్కరణ పేరుతో కళావంతుల స్త్రీలను బహిరంగ వేదికల నుంచి పంపించేశారు. ఆ ఆచారంలో ఉన్న దోపిడీ పోవాల్సిందే, దాంట్లో సందేహం లేదు. కానీ దోపిడీతో పాటు, నలుగురిలో పాడే ఆడగొంతు మీద గౌరవం కూడా పోయింది. ‘మర్యాదస్తురాలు’ అంటే బయట గొంతు వినిపించనిది అని స్థిరపడిపోయింది.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ గోడకు మొదటి పెద్ద బీట. నాజర్ బుర్రకథ గురించి నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది. మోటూరి ఉదయం ఆడవాళ్ళ బుర్రకథ దళంతో ఊళ్ళు తిరిగిన విషయానికి రెండు వాక్యాలిచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, అసలు ఆగి చూడాల్సింది అక్కడే. బుర్రకథలో ముగ్గురుంటారు. తంబురా పట్టుకుని కథ నడిపేవారు ఒకరు, చెరో పక్క వంత పాడేవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. అంటే ఆడవాళ్ళు బుర్రకథ చెప్పారంటే కేవలం పాడారని కాదు. వందలమంది మగవాళ్ళ ముందు గొంతెత్తి హాస్యమాడారు, ప్రభుత్వం మీద విసుర్లు విసిరారు. నలుగురిలో నవ్వించే హక్కు, వెక్కిరించే హక్కు తీసుకున్నారు. నవ్వితేనే తప్పుపట్టే సమాజంలో ఇది ఎంత పెద్ద విషయమో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కర్లేదు.

అదే ప్రజానాట్యమండలిలో పాటలు పాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ తన ‘నిర్జన వారధి’ని తొంభై దాటాక 2012లో గానీ అచ్చులో చూడలేదు. 2018లో నూరేళ్ళ వయసులో ఆమె వెళ్ళిపోయారు. ఒక గాయని తన కథను తాను చెప్పుకోవడానికి ఇన్ని దశాబ్దాలు పట్టిందంటే, చెప్పుకోకుండానే పోయినవాళ్ళు ఎంతమందో ఊహించుకోవచ్చు. తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల గురించి స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. ఆ పుస్తకం మనకు నేర్పిన పద్ధతి ఒక్కటే: ఇంకా బతికి ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని అడగాలి. నేను ఆ పుస్తకాన్ని నా గ్రంథంలో చాలాసార్లు ఉటంకించాను. అది చెప్పిన పని మాత్రం చేయలేదు.

పల్లెల నుంచి నగరానికి వస్తే, 1974లో హైదరాబాద్ విద్యార్థినులు పి.ఓ.డబ్ల్యు. పేరుతో సంఘంగా ఏర్పడ్డారు. వరకట్నం మీద, బస్సుల్లో రోడ్ల మీద వేధింపుల మీద, అశ్లీల పోస్టర్ల మీద ప్రచారం చేశారు. 1975లో వచ్చిన ఎమర్జెన్సీ ఆ పనిని తుంచేసింది. 1978లో రమీజాబీ మీద పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం, ఆమె భర్త చావు నగరాన్ని కుదిపేశాయి. స్త్రీలు మళ్ళీ రోడ్డు మీదికి వచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో వీధి నాటకం ఒక మలుపు తిరిగింది. 1979లో అక్కడ వరకట్న హత్యలకు వ్యతిరేకంగా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. కోడళ్ళ ఒంటిమీద మంటలను అప్పటిదాకా ‘స్టౌ ప్రమాదాలు’ అని రాసుకుని ఊరుకునేవారు. అవి హత్యలని చెప్పడానికి పుట్టిన నాటకమే ‘ఓం స్వాహా’. దాన్ని తయారుచేసిన బృందంలో అనురాధా కపూర్, మాయా కృష్ణారావు ఉన్నారు. అదే ఏడాది జన నాట్య మంచ్ ‘ఔరత్’ ఆడింది. 1989 జనవరి 1న సాహిబాబాద్‌లో ‘హల్లాబోల్’ ఆడుతుండగా దుండగులు దాడి చేశారు. మరునాడు సఫ్దర్ హష్మీ చనిపోయాడు. ఇది అందరికీ తెలిసిన చరిత్ర. జనవరి 4న అతని సహచరి మలయశ్రీ హష్మీ అదే చోటుకు బృందంతో తిరిగి వెళ్ళి, ఆగిపోయిన నాటకాన్ని ఆడి ముగించింది. భర్త పోయిన రెండో రోజున ఆడమనిషి ఎక్కడ ఉండాలో మన సంప్రదాయం చెప్పిన దానికి ఇంతకంటే పెద్ద సమాధానం నేను చదివిన ఏ నాటకంలోనూ లేదు.

ఇప్పుడు పిన్ని దగ్గరికి వస్తాను. 1983లో ఆమెకు ఇరవై ఒక్క ఏళ్ళు. వాళ్ళ ఇల్లు చిక్కడపల్లిలో. డిగ్రీ చదువుతూ, స్నేహితురాలి వెంట ఒక మహిళా బృందంలో చేరింది. వాళ్ళ నాటకం ఇరవై నిమిషాలు. మైకు లేదు, తెర లేదు. ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా, రెండు చున్నీలు. జనాన్ని పోగుచేయడానికి ఆ డబ్బానే డప్పులా వాయించేవారు. నాటకం చివర్లో అదే డబ్బాను అత్త చేతికి తీసుకునేది. ‘‘అప్పటిదాకా వాయించిన డబ్బాయే కదా, అది ఎత్తేసరికి జనం ఒక్క అడుగు వెనక్కి వేసేవాళ్ళు’’ అని చెప్పింది పిన్ని. అత్త వేషం ఆమెదే.

‘‘చూసేవాళ్ళలో ఆడవాళ్ళుండేవారా?’’ అనడిగాను.

‘‘గుంపులో ఎక్కడుంటారే? మేడల మీద ఉండేవాళ్ళు. కిటికీల వెనక, పిట్టగోడల దగ్గర. రెండు మూడు ఆటలయ్యాక మాకర్థమైంది. అప్పటి నుంచి చివరి పాట మేడల మీదికి చూస్తూ పాడేవాళ్ళం.’’

నేను చదివిన సిద్ధాంత గ్రంథాలన్నీ వీధి నాటకం గురించి ఒక మాట చెప్తాయి: గుండ్రంగా నిలబడిన ప్రేక్షకులకూ నటులకూ మధ్య ఎత్తుపల్లాలు ఉండవని. ఆ గుండ్రంలో ఆడవాళ్ళే లేరని, వాళ్ళ కోసం తలెత్తి పాడాల్సి వచ్చిందని ఏ గ్రంథమూ చెప్పలేదు. పిన్ని చెప్పింది.

తాతయ్య ఆఫీసులో పనిచేసే ఒకాయన ఒక సాయంత్రం మార్కెట్ దగ్గర పిన్నిని చూశాడు. మర్నాడు తాతయ్యతో ‘‘మీ అమ్మాయి బాగా నటిస్తుందండీ’’ అన్నాడట. అంతే. తాతయ్య ఇంట్లో ఏమీ అనలేదు. మూడు రోజులు అన్నం తినలేదు. పిన్ని తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు.

ఈ వ్యాసం మొదటి ప్రతిలో ‘ఆమెను ఇంట్లో ఆపేశారు’ అని రాశాను. పిన్నికి చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. ‘‘నన్నెవరూ ఆపలేదు. నేనే మానేశాను. అలాగే రాయి’’ అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. కొట్టలేదు, తిట్టలేదు, తలుపు గడియ పెట్టలేదు. ప్రేమగల తండ్రి అన్నం మానేస్తే చాలు. పితృస్వామ్యం గురించి నేను తరగతిలో చెప్పే పాఠంలో ఇలాంటి ఆకలికి చోటు లేదు. ‘‘ఇప్పుడైతే మానేదానివా?’’ అన్నాను. చాలాసేపు ఆలోచించి, ‘‘ఆయన తినేదాకా నేనూ తినకుండా ఉండేదాన్నేమో’’ అంది. పిన్ని రచ్చ గెలిచింది. ఇంట్లో మూడు రోజుల్లో ఓడిపోయింది.

ఆ పాటల్లో ఒక్క చరణం కూడా ఆమెకు పూర్తిగా గుర్తులేదు. నేను కొంచెం నిరాశపడ్డాను. కానీ ఆమెకు గుర్తున్నది వేరే ఉంది. నాటకం అయ్యాక ఎవరు ఎవరితో ఇంటికి వెళ్ళాలో ముందే రాసుకునేవాళ్ళట. ఒకే వైపు వెళ్ళేవాళ్ళు ఇద్దరిద్దరు. ఒంటరిగా మిగిలిపోయే అమ్మాయికి రిక్షా డబ్బులు అందరూ కలిసి వేసుకునేవారు. ఎనిమిది దాటకూడదు కాబట్టి నాటకం ఆరున్నరకల్లా మొదలవ్వాలి. ఆరున్నరకు వెలుతురుండాలి కాబట్టి చలికాలంలో ఆటలు తక్కువ. నేను నాటకం నిడివి గురించి, ప్రదర్శనల సంఖ్య గురించి సౌందర్యశాస్త్రం నుంచి కారణాలు వెతుక్కుంటూ ఉండేదాన్ని. అసలు కారణం ఇంటికి చేరాల్సిన వేళ. మగ కళాకారుల్ని ‘ఏం పాడారు, ఎక్కడ పాడారు’ అని అడిగితే సరిపోవచ్చు. ఆడవాళ్ళను ‘ఇంటికెలా వెళ్ళారు’ అని కూడా అడగకపోతే వాళ్ళ కళ రూపమే మనకు అర్థం కాదు.

పిన్ని చెల్లించిన ధర అదైతే, అంతకంటే ఎన్నో రెట్లు చెల్లించినవాళ్ళున్నారు. భువనగిరిలో మిల్లు కార్మికురాలిగా పనిచేసి, తెలంగాణ కోసం పాట కట్టి పాడిన బెల్లి లలితను 1999 మేలో చంపి, శరీరాన్ని ముక్కలు చేసి పారేశారు. పాడే మనిషిని చంపడమే కాకుండా అంత క్రూరంగా చంపడం మిగతా ఆడవాళ్ళకు ఒక హెచ్చరిక. పిన్నిది మధ్యతరగతి, ఆమెకు వెనక్కి వెళ్ళడానికి ఒక ఇల్లుంది, వీధి అంటే సాయంత్రం రెండు గంటలు. లలితకు బతుకు, పని, పాట అన్నీ జనం మధ్యనే. ఇద్దరినీ ఒకే వాక్యంలో ‘వీధిలో పాడిన స్త్రీలు’ అని రాస్తే అది చరిత్ర కాదు. ఇద్దరూ వేరు వేరుగా రావాలి, కానీ ఇద్దరూ రావాలి. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద విమలక్క లాంటివాళ్ళు వేలమంది ముందు డప్పుతో నిలబడి పాడారు. వాళ్ళ వెనక లలిత ఉందన్నది మరిచిపోకూడదు.

2000 తర్వాత నగరాల్లో మరో రకం ప్రదర్శనలు మొదలయ్యాయి. 2003లో బెంగళూరులో జాస్మీన్ పథేజా ‘బ్లాంక్ నాయిజ్’ మొదలుపెట్టింది. వేధింపు జరిగినప్పుడు తాము వేసుకున్న బట్టల్ని తెచ్చి ఇమ్మని స్త్రీలను అడిగింది. అవి మామూలు బట్టలు: చీరలు, యూనిఫారాలు, సల్వార్ కమీజులు. తర్వాత ఆ బృందంలోని స్త్రీలు పార్కుల్లో పగటిపూట పడుకుని నిద్రపోయే కార్యక్రమం చేశారు. కథ లేదు, పాట లేదు, నినాదం కూడా లేదు. ‘ఇందులో కళ ఏముంది?’ అని ఒక సెమినార్‌లో నేనే అన్నాను. మక్తాలో ఆ పది నిమిషాలు నిలబడ్డాక నాకు సమాధానం దొరికింది. మన పార్కుల్లో మగవాళ్ళు టవలు మొహం మీద వేసుకుని నిద్రపోవడం రోజూ చూస్తాం. అది మనకు కనిపించనంత మామూలు. ఆడమనిషి అదే పని చేస్తే ప్రదర్శన అయిపోతుంది. ఆ తేడాను చూపించడమే ఆ ప్రదర్శన చేసిన పని.

2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై గురించి రాసిన ‘వై లాయిటర్’ పుస్తకం ఇదే మాటను వాదనగా చెప్పింది. స్త్రీలకు భద్రత కావాలని అందరూ అంటారు. భద్రత పేరుతో ఇంటికి పంపించడం కూడా సులువే. స్త్రీలు అడగాల్సింది పనీపాటా లేకుండా ఊరికే వీధిలో ఉండే హక్కు అని ఆ ముగ్గురూ అన్నారు. హైదరాబాదులో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, కూడళ్ళలో కెమెరాలున్నాయి. అవి వేధించేవాణ్ణి పట్టుకోవచ్చు. నేను అక్కడ ఎందుకు నిలబడ్డానన్న ప్రశ్నను మాత్రం తీసేయలేవు.

2012 డిసెంబరు 16న ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరం తర్వాత మాయా కృష్ణారావు ‘వాక్’ అనే ఏకపాత్ర ప్రదర్శన చేసింది. ‘ఓం స్వాహా’ నాటి మాయా కృష్ణారావే. అప్పటికి ఆమె అరవైకి దగ్గర పడింది. ఇందులో పెద్ద కథ ఏమీ లేదు. నడవాలి, అర్ధరాత్రి నడవాలి, బస్సెక్కాలి, పార్కులో పడుకోవాలి అని ఒక స్త్రీ అంటూ ఉంటుంది, నడుస్తూ ఉంటుంది. ఈ రెండు ప్రదర్శనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు దశాబ్దాల చరిత్ర అర్థమవుతుంది. 1979లో స్త్రీలు ఇంట్లో జరిగేదాన్ని వీధిలోకి తెచ్చారు. వంటింట్లో కాలిన శవాన్ని రచ్చకెక్కించారు. అప్పుడు వీధి వాళ్ళకు న్యాయం అడిగే చోటు. 2012 నాటికి వీధినే అడిగారు. 2019 నవంబరులో చిలీలో లాస్ తేసిస్ అనే బృందం కళ్ళకు గంతలు కట్టుకుని అత్యాచారానికి బాధ్యులెవరో వేలెత్తి చూపించిన ప్రదర్శనను ఎన్నో దేశాల స్త్రీలు తమ కూడళ్ళలో ఆడారంటే, అడగాల్సిన అవసరం ఒక్క మన దేశానిది కాదు.

ఈ కొత్త ప్రదర్శనల మీద నాకు అభ్యంతరాలు లేకపోలేదు. ఇవి చాలావరకు ఇంగ్లీషు చదువుకున్న, పెద్ద నగరాల స్త్రీలవి. పార్కులో నిద్రపోయి ఇంటికి వెళ్ళే స్త్రీకీ, ఇల్లు లేక ఫుట్‌పాత్ మీద నిద్రపోయే స్త్రీకీ మధ్య ఉన్న దూరాన్ని ఏ ప్రదర్శనా చెరపలేదు. ఊరికే ఉండే హక్కు గురించి మాట్లాడేటప్పుడు, పని మధ్యలో చీపురు పక్కన పెట్టి రోడ్డు అంచున రెండు నిమిషాలు కూర్చునే కార్మికురాలి విశ్రాంతి కూడా ఆ హక్కులో భాగం కావాలి.

ఆ దూరాన్ని కొంతైనా తగ్గించే ప్రయత్నాలున్నాయి. 2016లో బెంగళూరులో మొదలైన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టులో ట్రాన్స్‌జెండర్ స్త్రీలు తామే గోడలకు రంగులు వేస్తారు. రోజుల తరబడి అదే వీధిలో నిలబడి పనిచేస్తారు. అంటే గోడ మీద బొమ్మతో పాటు గోడ కింద మనిషి కూడా కనిపిస్తుంది. ఏ వీధిలో జనం వాళ్ళను చూసి మొహం తిప్పుకున్నారో అదే వీధిలో వాళ్ళు నిచ్చెనెక్కి బ్రష్ పట్టుకుంటారు. చెన్నైలో మొదలైన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంలో ఇసైవాణి గానా పాడింది. గానా ఉత్తర చెన్నై శ్రామికవాడల పాట. అక్కడ కూడా పాడేది మగవాళ్ళే అన్న పట్టింపు ఉండేది. కులం గురించీ స్త్రీ గురించీ ఒకే గొంతుతో పాడొచ్చని ఆమె చూపించింది. వీటన్నిటిలో నాకు కనిపించే విషయం ఒక్కటే. బొమ్మ ఎంత బాగుంది, పాట ఎంత బాగుంది అన్నది సగమే. ఎవరు వేశారు, ఎవరు పాడారు, అంతసేపు అక్కడ ఉండడానికి వాళ్ళకు ఏం ఖర్చయింది అన్నది మిగతా సగం. వీధి కళ చరిత్రలో ఇప్పటిదాకా మనం రాసుకున్నది మొదటి సగం.

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తేవడానికి ఇప్పుడు మళ్ళీ తెరిచాను. ఆ ఒకటిన్నర పేజీని తీసేశాను. దాని స్థానంలో ఒక అధ్యాయం రాయాలి. పిన్ని చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని ఆ బృందంలోని మరో ఇద్దరిని కలిశాను. వాళ్ళ పేర్లు రాయడానికి ఒకావిడ ఒప్పుకుంది, ఒకావిడ ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ‘‘మా కోడలికి తెలియదమ్మా’’ అంది. నేను ఆమె మాటను గౌరవిస్తాను. పేరు లేకుండానే ఆమె అధ్యాయంలో ఉంటుంది, ‘తదితరులు’గా మాత్రం కాదు.

ఈ వ్యాసం చదివే మీ ఇళ్ళల్లోనూ ఒక పిన్నో, అత్తో, పెద్దమ్మో ఉండి ఉంటుంది. ఏదో ఒక కళాజాతలోనో, వీధి నాటకంలోనో, ఊరేగింపులోనో పాడి ఉంటుంది. ఫోటో లేదు, కరపత్రం లేదు అని ఊరుకోకండి. వెళ్ళి అడగండి. పాట గుర్తులేదంటే, ఆ రోజు ఇంటికి ఎలా వెళ్ళావని అడగండి. అక్కడి నుంచి మాటలు వస్తాయి.

పిన్నిని మక్తాకి రమ్మన్నాను, బొమ్మలు చూద్దువుగాని అని. మోకాళ్ళ నొప్పి, అంతసేపు నిలబడలేనంది. ‘‘అక్కడొకామె కుర్చీ వేస్తుంది’’ అన్నాను. ‘‘కుర్చీ వేస్తే వస్తాను. కానీ గడప ముందు కాదు, రోడ్డు మీద వేయమను’’ అంది.